మేనేజ్‌మెంట్ మారుతున్నది, ఇప్పుడు యూనియన్‌ల చేరాల్నా, ఆగాల్నా? (చిట్యాల వైపు బల్క్ డ్రగ్ యూనిట్)

“బి షిఫ్ట్” అనే పేరుతో అడిగిన ప్రశ్న (జవాబులిచ్చినవాళ్లవీ పెట్టుకున్న పేర్లే):

మాది చిట్యాల మండలంల ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్. పర్మినెంట్ 160 మందిమి, కాంట్రాక్ట్ కింద ఇంకో 200 దాకా ఉంటరు. ప్లాంటును వేరే గ్రూపు తీసుకుంటున్నది, వచ్చే ఒకటో తారీఖు నుంచి వాళ్లే నడుపుతరని మీటింగుల చెప్పిండ్రు. ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కర్ని లోపలికి పిలిచి రెండు కాగితాలు ముందట పెడుతున్నరు. ఒకటి పాత కంపెనీకి రాజీనామా, ఇంకొకటి కొత్త కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్. జీతం తగ్గదు, నెలకు 1,500 పెంచుతమని కూడా అంటున్నరు. కాకపోతే జాయినింగ్ డేటు కొత్తది రాసిండ్రు. నాకు ఎనిమిదేండ్ల సర్వీసు, బేసిక్ డీఏ కలిపి 14,300.

ప్లాంటుల యూనియన్ ఉన్నది, 40 మంది మెంబర్లు, మేనేజ్‌మెంట్ గుర్తింపు లేదు. ఇప్పుడు చేరితే కొత్తోళ్లు వచ్చినంక ముందు మమ్మల్నే తీసేస్తరా? చేరిన సంగతి వాళ్లకు తెలుస్తదా? యజమాని మారితే పాత యూనియన్, పాత వేతన ఒప్పందం ఉంటయా, పోతయా? కాంట్రాక్టోళ్లు కూడా చేరొచ్చా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

ఫైలు కట్ట జవాబు:

అన్నా, యూనియన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రాజీనామా మీద సంతకం పెట్టకండి.

"మేనేజ్‌మెంట్ మారింది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ చట్టం దృష్టిలో అది ఒకటి కాదు. ఏం మారిందో తేలకుండా ఏ హక్కు ఉందో చెప్పలేం. అది కనుక్కోవడానికి హెచ్‌ఆర్‌ను బతిమాలక్కర్లేదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద సీఐఎన్ (కంపెనీ రిజిస్ట్రేషన్ గుర్తింపు) అని 21 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. మీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఉన్నదాన్ని, ఇప్పుడు చూపిస్తున్న లెటర్ మీద ఉన్నదానితో పోల్చండి.

నంబరు అదే అయితే చేతులు మారింది వాటాలే. మీ యజమాని కంపెనీ, అది అలాగే ఉంది, వెనక వాటాదారులు మారారు. 2024లో మన జిల్లాలోనే దామరచర్ల వైపు రెండు సిమెంటు ప్లాంట్లు ఇలా చేతులు మారాయి: గణేశ్‌పహాడ్ ప్లాంటున్న పెన్నా సిమెంట్‌ను అంబుజా, విష్ణుపురం ప్లాంటున్న ఇండియా సిమెంట్స్‌ను అల్ట్రాటెక్ వాటాలు కొనే తీసుకున్నాయి. వాటాలు మాత్రమే మారినచోట కార్మికుడి సర్వీసు తెగే ప్రసక్తే లేదు. అలాంటప్పుడు రాజీనామా అడిగారంటే సర్వీసును వాళ్లే కావాలని తెంచుతున్నారన్నమాట.

నంబరు వేరైతే ప్లాంటునే ఇంకో కంపెనీకి అమ్మారు, లీజుకిచ్చారు, లేదా విలీనం చేశారు. అప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్, సెక్షన్ 73 వర్తిస్తుంది. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. పాత ఐడీ యాక్ట్‌లో (పారిశ్రామిక వివాదాల చట్టంలో) ఇదే సెక్షన్ 25ఎఫ్‌ఎఫ్, పాతకాపులు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. ఏడాది నిరంతర సర్వీసు ఉన్న ప్రతి కార్మికుడికీ, రిట్రెంచ్ చేసినట్టే (యజమానే పనిలోంచి తీసేసినట్టే) లెక్కగట్టి, నోటీసూ పరిహారమూ ఇవ్వాలి. ఇవ్వకుండా తప్పించుకోవాలంటే మూడు షరతులూ ఒకేసారి తీరాలి: యజమాని మారినందువల్ల సర్వీసు తెగకూడదు, కొత్త షరతులు పాతవాటికంటే ఏ రకంగానూ తక్కువ కాకూడదు, రేపు కొత్త యజమాని ఎవరినైనా తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత చట్టప్రకారం అతని మీద ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే.

మీ లెక్క: ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున ఎనిమిదేళ్లకు దాదాపు నాలుగు నెలల జీతం, దానికి తోడు ఒక నెల నోటీసు లేదా నోటీసు జీతం. గ్రాట్యుటీ వేరే: 14,300ను 26తో భాగిస్తే 550, దాన్ని 15తో, తర్వాత 8తో గుణిస్తే 66,000. రాజీనామా మీద సంతకం పెడితే ఆ నాలుగైదు నెలల జీతం పోతుంది, ఎందుకంటే మీ అంతట మీరే వెళ్లిపోయినట్టు రాసిచ్చారు. గ్రాట్యుటీ 66,000 వస్తుంది గదా అని సంతోషపడకండి. ఇంకో పన్నెండేళ్లు చేసి బేసిక్, డీఏ 28,600 ఉన్నప్పుడు దిగిపోయారనుకుందాం. సర్వీసు కలిసి ఉంటే 20 ఏళ్లకు 3,30,000. ఇప్పుడు తెంచితే 66,000కి తోడు పన్నెండేళ్లకు 1,98,000, మొత్తం 2,64,000. నాలుగేళ్ల సర్వీసువాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. రాజీనామా చేస్తే అయిదేళ్లు నిండలేదని పాత కంపెనీ గ్రాట్యుటీ ఇవ్వదు, కొత్త కంపెనీలో లెక్క సున్నా నుంచి.

1960ల మొదట్లో అనకాపల్లి చక్కెర ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం తేల్చింది. ఫ్యాక్టరీ నిజంగా చేతులు మారినప్పుడు, కొన్నవాడు నన్ను తీసుకునే తీరాలని కార్మికుడు పట్టుబట్టలేడు, అతని పరిహారం అమ్మినవాడి దగ్గర రాబట్టుకోవాలి. అంటే పాత కంపెనీ ఇంకా కళ్లెదుట ఉన్నప్పుడే అడగాలి. ప్లాంటు అమ్మేసిన కంపెనీ ఆస్తులు తర్వాత ఎక్కడుంటాయో వెతకడం వేరే కష్టం. ఇంకో వైపు, కార్మికుడి సమ్మతి లేకుండా అతణ్ణి వేరే యజమానికి అప్పజెప్పలేరని కూడా సుప్రీంకోర్టు 2011లో చెప్పింది.

కొత్త లెటర్‌లో ఉండాల్సిన మాటలు ఇవి: "మీ సర్వీసు ఫలానా తేదీ (పాత జాయినింగ్ తేదీ) నుంచి నిరంతరంగా పరిగణిస్తాం. గ్రాట్యుటీ, లీవు, పరిహారం అన్నిటికీ ఆ తేదీయే లెక్క." ఇది నోటితో చెబితే లెక్కలోకి రాదు. ఇది రాసిస్తే రాజీనామా అవసరమే ఉండదు, ట్రాన్స్‌ఫర్ లెటర్ చాలు.

నకిరేకల్ లోకల్ జవాబు:

పైన చెప్పింది కరెక్టు. నేను యూనియన్ దిక్కు చెప్త.

చేరాలనుకుంటె ఒకటో తారీఖు లోపలనే చేరుండ్రి. ధైర్యం కోసమని కాదు, తేదీ కోసం. రేపు ఎవర్నన్న తీసేస్తే, యూనియన్‌ల చేరినందుకే తీసిండ్రని చూపియ్యాలంటె మెంబర్‌షిప్ ముందు, చర్య తర్వాత అన్నట్టు కాగితం ఉండాలె. కంపెనీ ఛార్జిషీటు (ఆరోపణల కాగితం) అందినంక చేరితే, అది తప్పించుకునేటందుకు చేరిండని అవతలి వకీలు మొదటి మాటే అదంటడు.

చేరుడంటె వాట్సాప్ గ్రూపుల యాడ్ అవుడు కాదు. ఫారం నింపాలె: పేరు, ఎంప్లాయి నంబరు, డిపార్ట్‌మెంటు, పాత జాయినింగ్ తేదీ, సంతకం. చందా కట్టి నంబరున్న రసీదు తీసుకోవాలె, అడుగు కాపీ పుస్తకంలనే ఉండాలె. మెంబర్‌షిప్ రిజిస్టర్‌ల పేరెక్కిందా అని కండ్లతోని చూడుండ్రి. పాత నెలల రసీదులన్నీ ఒక్కదినం కూసోని ఒకటే పెన్నుతోని రాసిన పుస్తకం వెరిఫికేషన్‌ల (మెంబర్ల లెక్క తనిఖీల) నిలవదు. ఒకే మనిషి రెండు యూనియన్లల రసీదు తీసుకుంటె గూడ అదే గతి, రెండు దిక్కులా లొల్లి అయితది.

సంఘాన్ని గూడ మీరు అడగాలె. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నదా, ఏటా రిటర్ను వేస్తున్నరా, చందా పైసలు బ్యాంకుల పడుతున్నయా. రిటర్ను వెయ్యని సంఘం రిజిస్ట్రేషన్ ఎప్పుడన్న ఊడొచ్చు. ఏఐటీయూసీనా, సీఐటీయూనా, ఐఎన్‌టీయూసీనా, బీఎంఎస్సా అని జెండా చూసుడు కంటె, లేబర్ ఆఫీసుల హియరింగుకు ఎవరు టైముకు వస్తరో చూసుకోండ్రి. బయటి నాయకులు కమిటీల మూడోవంతుకు గాని ఐదుగురికి గాని, ఏది తక్కువైతే దానికి మించొద్దు. మిగిలిన పదవులు ప్లాంటుల పనిచేసెటోళ్లవే.

తెలుస్తదా అంటె, చందా జీతంల నుంచి కట్ చెయ్యమని రాసిస్తే తెలుస్తది. చేతికి కట్టి రసీదు తీసుకుంటె కంపెనీకి చెప్పాల్సిన పని లేదు. కానీ గుర్తింపు అడిగినప్పుడు మాత్రం ఎంతమందో రుజువు చెయ్యాలె, అప్పుడు దాచుడు కుదరది. అందుకే ముందు చేతి రసీదులతోని సంఖ్య పెంచి, సరిపోయినంక బయటపడుడు మంచిది.

ఆ సంఖ్య ఎంతంటె, ప్లాంటుల ఒకటికి మించి సంఘాలుంటె: 160 మందిల 51 శాతం, అంటె 82 మంది ఒకే యూనియన్‌ల ఉంటె అదే ఏకైక చర్చల సంఘం. అంత ఎవరికీ లేకుంటె, 20 శాతం, అంటె 32 మందికి తగ్గని సంఘాల ప్రతినిధులతోని చర్చల కౌన్సిల్ కడతరు. మీకు 40 ఉన్నయంటె ఇప్పటికే ఆ గీత దాటిండ్రు. కొత్త మేనేజ్‌మెంటు ఇంకో సంఘం పెట్టిస్తే మాత్రం ఆ 40లనే కోత పడ్తది, చూసుకోండ్రి. యజమాని పెట్టించే సంఘం కోడ్ రెండో షెడ్యూల్‌ల తప్పుడు కార్మిక విధానం కిందికి వస్తది. యూనియన్ కడుతున్న టైముకు దాన్ని దెబ్బకొట్టేటందుకు జీతం పెంచుడు గూడ అదే షెడ్యూల్‌ల ఉన్నది. ఆ 1,500 ఆఫర్ ఏ దినం, ఎవరు, ఏమని చెప్పిండ్రో రాసిపెట్టుకోండ్రి. రుజువు చేసుడు కష్టమే, కానీ రాసిపెట్టుకోకుంటె అసలే కాదు.

యూనియన్‌ల చేరుడు వేరు, కానీ పరిహారం, వివాదాల విషయంల అప్రెంటిసులు కోడ్ లెక్కల వర్కర్ కాదు. సూపర్‌వైజరు పని చేసి 18,000 దాటి తీసుకునెటోళ్లు గూడ కాదు. పేరుకు "షిఫ్ట్ ఇన్‌చార్జి" అని బిళ్ల తగిలించి రియాక్టర్ దగ్గర పని చేయిస్తే మాత్రం చేసే పనే లెక్క, బిళ్ల కాదు.

పాత యూనియన్ ఎక్కడికీ పోదు. అది కంపెనీది కాదు గదా. పేరుల పాత కంపెనీ పేరుంటె మార్చుకోవచ్చు, మూడింట రెండొంతుల మెంబర్లు ఒప్పుకోవాలె. పాత వేతన ఒప్పందం గూడ లేబర్ ఆఫీసు రాజీ చర్చలల కుదిరిందైతె కొత్త యజమానిని పట్టుకునే ఉంటది, వారసులకూ చెల్లుతదని చట్టంలనే ఉన్నది. గడువు అయిపోయినా, ఎవరో ఒకరు రాతల రద్దు నోటీసు ఇచ్చి అరవై దినాలు గడిచేదాంక నడుస్తది. ఇదే మొదట అడగాలె: మా ఒప్పందం కాపీ కొత్తోళ్లకు ఇచ్చిండ్రా?

జడ్చర్ల గేటు జవాబు:

కాంట్రాక్టు వాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. చేరొచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అయితే వాళ్ల పేర్లు కాంట్రాక్టర్ మస్టరులో (హాజరు పట్టీలో) ఉంటాయి, కంపెనీ మస్టరులో ఉండవు. పైన చెప్పిన 82 లెక్కకు వాళ్లు పనికిరారు. దీన్ని ముందే వాళ్లకు చెప్పండి, తర్వాత మోసం చేశారనుకుంటారు.

కంపెనీ మారినప్పుడు కాంట్రాక్టరు కూడా మారతాడు, అసలు దెబ్బ అక్కడే. పాతవాడు ఆఖరి నెల జీతం, లీవు డబ్బులు ఎగ్గొట్టి పోతాడు. కాంట్రాక్టర్ ఇవ్వని జీతానికి అసలు కంపెనీ బాధ్యురాలు. పాత యాజమాన్యం ఉండగానే ఆ మొత్తం రాతపూర్వకంగా అడగాలి. పీఎఫ్‌లో యూఏఎన్ (కార్మికుడికి ఎప్పటికీ ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) మారకూడదు, మారేది దాని కింద మెంబర్ ఐడీ మాత్రమే. కొత్త కాంట్రాక్టర్ కొత్త యూఏఎన్ తీస్తే పాత సర్వీసు విడిపోతుంది, కలపడానికి నెలలు తిరగాలి. చేరేటప్పుడే పాత యూఏఎన్ రాసివ్వండి. ఈఎస్ఐ నంబరూ అంతే, 21,000 లోపు జీతం ఉన్నంతకాలం పాతదే నడవాలి. గేటు పాసులను రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. ఏ ప్లాంటులో పనిచేశారో చెప్పే రుజువు చాలామందికి అదొక్కటే.

మిర్యాలగూడ మిల్లు జవాబు:

ఇంకో రకం కూడా ఉంది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. అప్పులు కట్టలేక కంపెనీ ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రైబ్యునల్‌కు) పోయి, దివాలా సమయంలో కంపెనీని నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వస్తే, దాన్ని కూడా లోపల "మేనేజ్‌మెంట్ మారింది" అనే అంటారు. అప్పుడు లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగితే పని జరగదు. బకాయి జీతాలకు ఫారం డీలో క్లెయిమ్ వేయాలి. అందరి తరఫున ఒకరు వేస్తే ఫారం ఈ. ఆఖరి తేదీ పత్రికా ప్రకటనలోనే ఉంటుంది. రిజిస్టర్ అయిన కార్మిక సంఘం సభ్యుల బకాయిల కోసం తానే దివాలా పిటిషన్ వేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, యూనియన్ ఉంటే లాభం అక్కడ తెలుస్తుంది. కంపెనీని ముక్కలుగా అమ్మే దాకా వస్తే ఆఖరి 24 నెలల వేతన బకాయిలకు తనఖా పెట్టుకున్న బ్యాంకులతో సమానమైన వరుస. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు అసలు ఆ పంపకంలోకి రాకూడదు.

బి షిఫ్ట్:

సీఐఎన్ చూసిన అన్నా, వేరే ఉన్నది. అంటె ప్లాంటునే అమ్మిండ్రన్నట్టు. ఒక చిక్కు వచ్చింది. మావోళ్లు ముప్పై మంది దాకా రాజీనామా మీద సంతకం పెట్టేసిండ్రు. 30వ తారీఖు నుంచి అమలు అని రాసున్నది. వాళ్ల పని అయిపోయినట్టేనా? కొందరు రేపటి నుంచి అందరం క్యాజువల్ లీవు పెడదమంటున్నరు.

ఫైలు కట్ట జవాబు:

క్యాజువల్ లీవు ఆలోచన ఇప్పుడే ఆపండి. కోడ్ ప్రకారం సగం మందో, అంతకంటే ఎక్కువో ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే దాన్ని సమ్మెగా లెక్కిస్తారు. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, ఆ నోటీసు 60 రోజుల వరకే పనికొస్తుంది. లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు నడుస్తున్నప్పుడూ, అవి ముగిశాక ఏడు రోజుల దాకా కూడా దిగకూడదు. నోటీసు లేని సమ్మెకు కార్మికుడికి 1,000 నుంచి 10,000 జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ. యాజమాన్యం మారే వారంలో అది కొత్తవాళ్ల చేతికి మీరే అందించే సాకు అవుతుంది.

సంతకం పెట్టినవాళ్లకు ఇంకా దారి ఉంది. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చన్నది కోర్టులు ఒప్పుకున్న సూత్రం. అందుకని ఎవరి ఉత్తరం వాళ్లు రాయాలి, ముప్పై మందికీ కలిపి ఒకటి కాదు. ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీన నా చేత తీసుకున్న రాజీనామా పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ప్లాంటు బదిలీ దృష్ట్యా నా సర్వీసును ఫలానా తేదీ నుంచి నిరంతరంగా కొనసాగించాలి." స్పీడ్ పోస్టులో పాత కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు ఒకటి, ఫ్యాక్టరీ మేనేజరుకు ఒకటి, అదే రోజు ఈమెయిల్ కూడా. 29న పోస్టు చేసి 30న చేరుతుందని ఆశపెట్టుకోవద్దు, ఈ రెండు రోజుల్లో వెళ్లాలి. బలవంతం చేశారని రాసేముందు, ఎవరు, ఏ తేదీన, ఏం బెదిరించారో చెప్పగలిగితేనే రాయండి.

ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్క) డబ్బు ఖాతాలో వేస్తే తిప్పి పంపక్కర్లేదు. "హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని ఉత్తరం పంపండి. "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం కింద మాత్రం సంతకం వద్దు.

పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి, పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ వేసిందేమో, కారణం కింద ఏం రాసిందో చూడండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నకిరేకల్ లోకల్ జవాబు:

లేబర్ ఆఫీసుకు పోయేటప్పుడు "న్యాయం చెయ్యండ్రి" అని రాసుకపోకుండ్రి. అడిగేది ఏందో రాయాలె: సర్వీసు నిరంతరత రాతల ఇయ్యాలె, లేకుంటె సెక్షన్ 73 కింద పరిహారం కట్టాలె, పాత ఒప్పందం కొనసాగించాలె. పాత కంపెనీ, కొత్త కంపెనీ, ఇద్దర్నీ ఎదుటి పార్టీలుగా పెట్టుండ్రి. ఒక్కర్నే పెడితే రెండోది "మాకు సంబంధం లేదు" అని హియరింగుకు రాదు.

రాజీ చర్చలు మొదలైతె ఇంకో లాభమున్నది. అవి నడుస్తున్నంతసేపు సెక్షన్ 90 ప్రకారం, ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు షరతులు మార్చొద్దు, దాని పేరు మీద ఎవర్నీ అధికారి అనుమతి లేకుండ తీసెయ్యొద్దు. అట్లనే రక్షిత కార్మికుల (వివాదం నడుస్తుండగ అనుమతి లేకుండ తీసెయ్యరాని యూనియన్ కమిటీ మెంబర్ల) లిస్టు ఇయ్యుండ్రి. నూటికి ఒకరు అనేది లెక్క, కానీ ఐదుగురికి తక్కువుండొద్దు, అంటె మీకు ఐదుగురు. గొంతు పెద్దగున్నోళ్ల పేర్లు కాదు, ఎవర్ని తీసేస్తె యూనియన్ ఆగిపోతదో వాళ్లవి ఇయ్యాలె: సెక్రటరీ, ఖజాంచి, రసీదు పుస్తకం రాసెటాయన.

ఒకటో తారీఖు తర్వాత షిఫ్టు టైములో, అలవెన్సులో, లీవులో మార్చుతమంటె 21 దినాల ముందు రాత నోటీసు ఇయ్యాలె, సెక్షన్ 40. నోటీసు బోర్డు మీద ఏదన్న అంటిస్తే తేదీతోని ఫొటో తీసుకోండ్రి, మల్ల పీకేస్తరు.

బి షిఫ్ట్:

మంచిదన్నా. సోమారం నల్గొండ పోతున్నం. ఏమేం పట్టుకపోవాలె?

ఫైలు కట్ట జవాబు:

యూనియన్ లెటర్‌హెడ్ మీద పిటిషన్ నాలుగు కాపీలు: ఆఫీసుకు, రెండు కంపెనీలకు, మీకు. జతగా మెంబర్ల సంతకాల లిస్టు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పిటిషన్ వేయాలని కమిటీ చేసిన తీర్మానం, పాత ఒప్పందం, హెచ్‌ఆర్ చూపించిన రెండు కాగితాల్లో ఏదైనా కాపీ దొరికితే అది, నలుగురైదుగురి పాత అపాయింట్‌మెంట్ లెటర్లు, ఇటీవలి పే స్లిప్పులు. ఒరిజినల్స్ చూపించండి, ఇచ్చి రాకండి. మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు పడేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఆ స్టాంపు పడిన కాపీని ప్లాంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. మెంబర్ల సంతకాల లిస్టు దాని వెనకే ఉంటుంది.